తులం తక్కువ గుండు

జింక వేటకు తూటాలు సొంతంగా కట్టుకుంటానని చెబితే చాలు, ఎదుటివాళ్ళు మొదట అడిగేది "ఎంత వేగం వస్తుందండీ?" అని. నా లెక్కలో అది చివర అడగాల్సిన మాట. గుండు జింకకు తగిలాక లోపల ఏం చేస్తుందన్నది ముందు తేలాలి. అది తేలితే మందు ఏదో, ఎంతో వాటంతటవే దారికొస్తాయి. చాలామంది మందు డబ్బా దగ్గర మొదలుపెట్టి గుండు దగ్గరికి వస్తారు. గ్యారేజీల్లో జరిగే రభస అంతా అక్కడే పుడుతుంది.

పెన్సిల్వేనియాలో ఉంటూ ఈ సంగతులు రాస్తున్నది కూచిపూడివాడు. మా ఊరి పేరు వినగానే పళ్ళెం అంచు మీద తరంగం గుర్తొచ్చి, తుపాకికీ తాళానికీ ఏదో పోలిక తెస్తానని మీరు ఎదురుచూడొచ్చు. తేను. మాది నాట్యం తెలిసిన ఇల్లు కాదు, వరి పండించే ఇల్లు. చిన్నప్పుడు నేను చూసిన తుపాకి ఒక్కటే, గొట్టం మూతిలోంచి మందు దట్టించే నాటు తుపాకి. పంట మీద వాలే పిట్టల్ని అదరగొట్టడానికి ఒక తాతగారు దాన్ని చావట్లో వేలాడదీసేవాడు. మందు కొలవడానికి ఆయనకున్నది అరచెయ్యే. అరచేతిలో పోసుకుని, ఒకసారి చూసి, సరిపోయిందనుకుంటే గొట్టంలో వంపేవాడు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు కాబట్టి ఆ చూపు కొలత చెల్లిపోయింది. ఆ సూరేకారమే పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కోరమాండల్ తీరం నుంచి ఓడలకెత్తుకున్న సరుకుల్లో ఒకటి. మా ఊరివాళ్ళు సంతకెళ్ళినంత తేలిగ్గా వెళ్ళొచ్చే బందరు, వాళ్ళు తొలినాళ్ళలోనే గిడ్డంగులు పెట్టిన రేవుల్లో ఒకటి.

ఇప్పుడు నా బల్ల మీదున్న త్రాసు గ్రెయిన్లో పదోవంతు తేడా చూపిస్తుంది. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములకు రవ్వంత తక్కువ. బంగారం కొనేవాళ్ళకి ఇంకో రకంగా చెప్పొచ్చు: బ్రిటిష్ వాళ్ళు స్థిరపరిచిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఆనాటి వెండి రూపాయి బరువూ అంతే. అంటే 180 గ్రెయిన్ల గుండు తులం బరువన్నమాట. నేను వాడే 150 గ్రెయిన్ల గుండు 9.7 గ్రాములు, తులానికి ఓ ఆరోవంతు తక్కువ.

మా పెద్దమ్మకి ఈ లెక్కలేవీ పట్టవు. మొన్న ఫోన్లో, "ఏరా, అక్కడ జింకల్ని కాలుస్తన్నావంటగా! కృష్ణజింక బొమ్మేసుకున్న రాష్ట్రంలో పుట్టి ఇదేం పోయేకాలంరా?" అంది. ఆవిడ కోపం న్యాయమైనదే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట తలుపు మూసుకుంది. కృష్ణజింక రాష్ట్ర జంతువు కూడా. తూటాలు సొంతంగా కట్టడానికైతే 1959 ఆయుధాల చట్టం కింద తయారీ లైసెన్సే కావాలి. ఇషాపూర్ .315 రైఫిలుకి లైసెన్సున్న పెద్దమనిషి కూడా ఫ్యాక్టరీ తూటా కొనుక్కోవాల్సిందే. మిగిలిన నాలుగు దుప్పుల్ని కాపాడుకోవాల్సిన చోట అలాగే ఉండాలి. ఇక్కడి లెక్క వేరు. తెల్లతోక జింకలు ఊళ్ళమీద పడి పెరళ్ళు మేస్తున్నాయి, రోడ్ల మీద కార్లకు అడ్డంపడి చస్తున్నాయి, మనుషుల్నీ చంపుతున్నాయి. కాబట్టి రాష్ట్రమే ఏటా ఇన్నని లెక్కేసి లైసెన్సులిస్తుంది. వేటాడిన మాంసాన్ని అమ్మడం నేరం. తినాలి, లేదా ఇవ్వాలి. హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్ అనే సంస్థ 1991 నుంచి ఆ మాంసాన్ని అన్నార్తులకు చేరుస్తోంది. ఇదంతా చెప్పాక పెద్దమ్మ, "సరే, కారం దట్టంగా వేసి వండుకో" అని ఫోన్ పెట్టేసింది.

మన వాడుకలో మొత్తం తూటానీ బుల్లెట్ అనేస్తాం గానీ అందులో నాలుగు సరుకులుంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మధ్యలో మందు, మూతికి బిగించిన గుండు. కాల్చాక ఇత్తడి మిగులుతుంది. దాన్ని కడిగి, ప్రెస్సులో కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి మళ్ళీ నింపుకోవచ్చు. నా రైఫిల్ .308 వించెస్టర్. 1952లో వచ్చిన కొలత, మరీ ముసలిదీ కాదు, ఫ్యాషనూ కాదు. ఇక్కడి అడవుల్లో చాలా జింకలు నూరు గజాల లోపే కనబడతాయి, దానికిది కావాల్సినదానికంటే ఎక్కువే.

ఇక గుండు. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధశాలలో 1890ల్లో తెల్లదొరలు .303 గుండు ముక్కు మీద లోహపు తొడుగు తీసేసి సీసాన్ని బయటపెట్టారు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకునేది. ఇది దారుణమని 1899లో హేగ్ సమావేశంలో యుద్ధాలకు నిషేధించారు. అదే సూత్రం వేటలో తిరగబడింది. పూర్తి తొడుగున్న సైనికుల గుండు జింకలోంచి సూదిలా దూరి వెళ్ళిపోతుంది, గాయపడ్డ జంతువు మైళ్ళకొద్దీ పరిగెత్తి ఎక్కడో పొదలో రోజంతా చస్తుంది. అందుకే పెన్సిల్వేనియాలో జింకకు తొడుగు గుండు కుదరదు, సీసమో విచ్చుకునే గుండో ఉండాలి. మనిషిని కాల్చడానికి క్రూరమైనది జింక విషయంలో దయ అయ్యింది. దీని గురించి నేను చాలాకాలం ఆలోచించాను, ఇంకా పూర్తిగా మింగుడుపడలేదు.

విచ్చుకోవడంలోనూ రకాలున్నాయి. పలచని రాగి తొడుగు, లోపల సీసం, ఇది అన్నిటికన్నా పాతది, చౌక. నూరు గజాల్లో పక్కటెముకల మధ్య తగిలితే దీన్ని మించింది లేదు. ఇరవై గజాల్లో, ఇంకా వేగం తగ్గకుండా, భుజం ఎముకకు తగిలితే మాత్రం తునకలైపోవచ్చు. అప్పుడు పైన గాయం పెద్దది, లోపలికి పోయింది తక్కువ. జాన్ నోస్లర్ అనే ఆయనకు 1946లో బ్రిటిష్ కొలంబియాలో ఒక పెద్ద మూస్ దుప్పి మీద గుళ్ళు ఇలాగే లోతుకు దిగకపోవడంతో, ఇంటికెళ్ళి గుండు మధ్యలో అడ్డగోడ పెట్టి చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా నిలబడి దూసుకుపోతుంది. 1948లో అమ్మకానికొచ్చిన ఆ పార్టిషన్ గుండు ఇవాళ్టికీ దుకాణాల్లో ఉంది. ఆ తర్వాత సీసాన్నీ తొడుగునూ కరిగించి అతికించినవి వచ్చాయి. 1980ల చివర్లో బార్న్స్ వాళ్ళు అసలు సీసమే లేకుండా మొత్తం రాగితో చేశారు.

నేను రాగికి మారాను. కారణం గురి కాదు, వంటిల్లు. సీసం గుండు విచ్చుకునేటప్పుడు కంటికి కనబడనంత సన్నని పొడి మాంసంలో చాలా దూరం చెదురుతుంది. 2008లో నార్త్ డకోటాలో దానమిచ్చిన జింక మాంసంలో సీసం తునకలు కనబడితే దాన్ని పంపిణీ చెయ్యొద్దని అధికారులు ఆపించారు. వేటగాడు అడవిలో వదిలేసిన పేగుల్ని తిని రాబందులు, గద్దలు చస్తాయి. కాలిఫోర్నియా తన కాండోర్ రాబందుల కోసం 2019 జూలై నుంచి వేటలో సీసమే వద్దంది. మా ఇంట్లో పిల్లలు తింటారు, అక్కడితో నా చర్చ ముగిసింది.

పక్కింటి పెద్దాయనకు ముగియలేదు. ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, నాకు ఈ విద్య నేర్పినవాడు. .30-06లో 165 గ్రెయిన్ల సీసం ముక్కు గుండు తప్ప ఇంకోటి పట్టుకోడు. "మా నాన్న తిన్నాడు, నేను తిన్నాను, ఏమైంది?" అంటాడు. ఏమైందో ఎవరు కొలిచారు గనక! ఆయన చెప్పిన మిగతావన్నీ శిరసావహించాను, ఇదొక్కటి తప్ప.

రాగికి దాని పేచీలున్నాయి. సీసం సాంద్రత 11.3, రాగిది 9 కూడా లేదు. అందువల్ల అదే బరువుకి రాగి గుండు పొడుగవుతుంది. పొడుగు గుండు నిలకడగా తిరగాలంటే రైఫిల్ గొట్టంలోని మెలికలు బిగుతుగా ఉండాలి, పైగా అది ఇత్తడి లోపలికి ఎక్కువ దిగి మందు చోటు తినేస్తుంది. ఇంకోటి, వేగం బాగా పడిపోతే రాగి విచ్చుకోనని మొరాయిస్తుంది. వేగాన్ని చివర అడగమన్నాను గానీ రాగి దగ్గర ఆ ప్రశ్నను ఒక మెట్టు ముందుకు జరపాల్సిందే. అందుకే సీసంలో 165 వాడే చోట రాగిలో 150కి దిగాను. అలా వచ్చింది తులం తక్కువ గుండు.

ఇప్పుడు మందు. పొగలేని మందులన్నీ చూడ్డానికి నల్లటి చిన్న కడ్డీలో గుళికలో, కాలే వేగంలో మాత్రం ఒకదానికొకటి పొంతనుండదు. ఎండుగడ్డి భగ్గుమని ఆరిపోతుంది, ఊక పొయ్యి అన్నం ఉడికేదాకా నిదానంగా మండుతుంది. పిస్తోలుకు గడ్డిమంట కావాలి, పెద్ద ఇత్తడిలో బరువైన గుండుకు ఊకపొయ్యి కావాలి. .308 వీటి మధ్యది, ఐఎంఆర్ 4064, వార్‌గెట్ లాంటివి దానికి అచ్చొచ్చాయి. రైఫిల్లో గడ్డిమంట మందు పోస్తే గుండు కదిలేలోగా ఒత్తిడి ఆకాశానికెళ్తుంది. .308కి కట్టిన ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. ఆ హద్దు మీ బుగ్గకు నాలుగంగుళాల దూరంలో ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

నేను వార్‌గెట్ వైపు మొగ్గింది ఎండాచలీ చూసి. తూటా ప్రయోగాలు జూలైలో చేస్తాం, ఒళ్ళు చెమట పడుతుంటే. జింక రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది (2018 దాకా సోమవారం), అప్పటికి నీళ్ళు గడ్డకట్టే చలి. కొన్ని మందులు ఎండలో ఒకలా, చలిలో ఒకలా కాలతాయి. ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ పేరు మీద అమ్ముడయ్యే ఈ మందుని ఆ తేడా తక్కువ ఉండేలా చేశారు. వేటలో అందరూ మాట్లాడుకునే అరంగుళం గురి కంటే నాకిదే ముఖ్యం.

అంకెల విషయంలో జాగ్రత్త. హెచ్4350, ఐఎంఆర్ 4350 ఒకటే కావు. హెచ్4895, ఐఎంఆర్ 4895 కూడా అంతే. పేరులో అంకె కలిసినంత మాత్రాన ఒకదాని కొలత ఇంకోదానికి వెయ్యకూడదు. బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా ఉండాలి, మిగిలిన మందు ఆ డబ్బాలోకే తిరిగి పోవాలి. కొలత ఎంతో నేనిక్కడ రాయను. రాస్తే పత్రిక కత్తిరించుకుని గోడకంటించే మహానుభావులుంటారు. గుండు చేసినవాళ్ళూ మందు చేసినవాళ్ళూ అచ్చేసే పుస్తకాలున్నాయి, అదే గుండు, అదే మందు ఉన్న పేజీ చూడాలి, గరిష్ఠానికి పదో వంతు తక్కువలో మొదలుపెట్టాలి, కొంచెం కొంచెంగా పైకెళ్ళాలి. బోల్టు ఎత్తడం బరువైనా, ప్రైమర్ అప్పడంలా చదునైనా అక్కడాగి వెనక్కి రావాలి. పుస్తకంలో గరిష్ఠం ఇంకా పైనుంది కదా అని వాదించకూడదు, ఆ పుస్తకం వాడిన గొట్టం వేరు, మీది వేరు.

నేను గరిష్ఠం దాకా ఎప్పుడూ పోలేదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఓ ఎనిమిది అంగుళాల వెడల్పుంటుంది. నూరు గజాల్లో నా గుళ్ళు రెండంగుళాల్లో పడుతుంటే ఆ జింకకు సరిపోయినట్టే. అంగుళంలోకి తేవాలని మరో పౌను మందు తగలేసేవాళ్ళకి సరదా ఉండొచ్చు, వేటకు మాత్రం పెద్దగా ఉపయోగం లేదు. పౌను డబ్బాలో 7000 గ్రెయిన్లు. ఈ తూటాకు నలభై చిల్లర చొప్పున నూటయాభై తూటాలకు కాస్త అటూఇటూగా వస్తాయి. 2020 నుంచి రెండేళ్ళు ప్రైమర్లకు కరువొచ్చినప్పుడు ఆ అరంగుళం గురివాళ్ళు చేతులు ముడుచుక్కూర్చున్నారు. ఆ డబ్బా, ఆ ప్రైమర్లు కాగితపు గుర్తు మీద కాకుండా, చెట్టుకానుకునీ మోకాలి మీదా నిలబడీ కాల్చడం మీద ఖర్చుపెట్టమంటాను. అడవిలో ఇసక సంచీ, బల్లా ఎవరూ వేసిపెట్టరు.

కిందటి నెల 1976 నాటి మా పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి మెట్ల మీద నెల్లూరు కుర్రాడొకడు పట్టుకున్నాడు. హెచ్-1బి మీద వచ్చినవాడు. "అంకుల్, నేనూ తూటాలు చేసుకోవచ్చా? ప్రెస్సు ఏది కొనమంటారు?" అన్నాడు. ప్రసాదం చేతిలో పెట్టుకుని వేట కబుర్లేమిటని వాళ్ళావిడ గుడ్లురిమింది. అతనికి చెప్పిందిది. నీ వీసా మీద తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గరున్నా ఫెడరల్ నేరమే. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సుంటే ఆ నిషేధానికి మినహాయింపుంది, అదైనా లాయరుని అడిగి అడుగెయ్యి. లైసెన్సు రావాలంటే ముందు వేట భద్రత తరగతికి వెళ్ళాలి. అడవిలోకి తలకీ, రొమ్ముకీ, వీపుకీ కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాలి, నువ్వేసుకొచ్చిన ఆ బూడిదరంగు జాకెట్ పనికిరాదు.

"మరి ప్రెస్సు?" అన్నాడు మళ్ళీ.

తొలి సీజన్‌కి ప్రెస్సు వద్దన్నాను. దుకాణంలో 150 గ్రెయిన్ల రాగి గుండున్న ఫ్యాక్టరీ తూటాలు రెండు డబ్బాలు కొనుక్కుని, ఒకటి కాల్చి రైఫిల్ గురి సరిచూసుకుని, రెండోది అట్టిపెట్టుకోమన్నాను. ఖాళీ ఇత్తడి మాత్రం పారెయ్యొద్దన్నాను.