మొరాయించే కెనాన్, మాట దాచే పెంటాక్స్

1976లో జపాన్ నుంచి రెండు ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు బయటికొచ్చాయి: పెంటాక్స్ కె1000, కెనాన్ ఏఈ-1. పుట్టిన ఏడు ఒకటే అయినా ఒకటి వెనక్కి చూసింది, ఇంకొకటి ముందుకి. పెంటాక్స్‌వాళ్లు 1964 నాటి తమ స్పాట్‌మాటిక్ పద్ధతినే పట్టుకుని, లెన్సుకి కొత్త కె మౌంటు పెట్టి, తప్పనిసరి కాదనుకున్నవన్నీ పీకేశారు. సెల్ఫ్ టైమర్ లేదు. లెన్సు అపర్చర్ కుదిస్తే ఎంత లోతు స్పష్టంగా పడుతుందో ముందే చూసుకునే మీట లేదు. మీటరుకి ఆన్-ఆఫ్ స్విచ్చు కూడా లేదు. కెనాన్‌వాళ్లు కెమెరాలో మైక్రోప్రాసెసర్ పెట్టారు, ఎస్‌ఎల్‌ఆర్‌లో అదే మొదటిసారి. వెండిలా మెరిసే దాని పైకప్పు లోహం కాదు, పూత పూసిన ప్లాస్టిక్కు. సర్క్యూట్లు రావడంతో విడిభాగాలు తగ్గాయి, ఖరీదూ తగ్గింది. ఏఈ-1 తయారీ 1984లో ఆగింది. కె1000 మాత్రం హాంకాంగ్, చైనా ఫ్యాక్టరీల మీదుగా 1997 దాకా బతికింది.

ఇప్పుడు పాత ఫిల్ము కెమెరా కొనుక్కోవాలని ఎవరైనా కుర్రాడు అడిగితే అనుభవజ్ఞులు చెప్పే మాట దాదాపు ఒక్కటే: మెకానికల్ తీసుకో, సెల్లు అయిపోయినా ఫోటో పడుతుంది, ఏఈ-1 జోలికి పోకు. ఈ తీర్పులో సగం నిజముంది. నా పేచీ మిగతా సగంతో. యాభై ఏళ్ల వయసున్న యంత్రం ఏదైనా చెడుతుంది. చెడిన సంగతి అది రీలు కడగకముందే చెబుతుందా, కడిగాక చెబుతుందా అన్నది నాకు ముఖ్యం.

ముందు వాడకం సంగతి. కె1000 వ్యూఫైండర్లో కుడి పక్కన ఒక ముల్లు. షట్టర్ డయల్ తిప్పినా, లెన్సు మీద అపర్చర్ రింగు తిప్పినా ముల్లు కదులుతుంది. దాన్ని నడిమికి తెచ్చి నొక్కితే పని అయిపోయింది. రెండు నిర్ణయాలూ మనవే. ఫోటోగ్రఫీ మాస్టర్లు దశాబ్దాలపాటు దీన్నే విద్యార్థుల చేతికిచ్చింది అందుకే. ఏఈ-1లో షట్టర్ వేగం మనం ఎంచుకుంటాం, లెన్సు రింగుని ‘ఏ’ దగ్గర నిలిపితే అపర్చర్ సంగతి కెమెరా చూసుకుంటుంది. ముల్లు ఆ అంకెను చూపిస్తుంది. అంతవరకు హాయి. ‘ఏ’ నుంచి రింగుని తప్పించి మన ఇష్టప్రకారం పెట్టుకుందామంటే మాత్రం తంటా మొదలు. ముల్లు తాను సిఫార్సు చేసే అంకెనే చూపిస్తూ ఉంటుంది, మనం పెట్టిన అంకె ఎక్కడుందో చెప్పదు. కన్ను తీసి రింగు చూసుకోవాలి, మళ్లీ కన్ను పెట్టాలి. పెళ్లిపందిట్లో తలంబ్రాల వేళ ఈ తతంగం కుదరదు. ఇక్కడ పెంటాక్స్ గెలుపు తిరుగులేనిది.

అయితే కె1000 వెలుతురు చదవడం నేర్పుతుందన్న ప్రశంసను నేను పూర్తిగా నమ్మను. దాని మీటరు ఫ్రేము మొత్తాన్నీ కలిపి సగటు తీస్తుంది. సగం ఫ్రేము ఆకాశమైతే ముల్లు ఆకాశం మాటే వింటుంది, కింద నిలబడ్డ మనిషి మొహం నల్లబడుతుంది. ముల్లుని నడుమకి తేవడం ఒక్కటే నేర్చుకున్నవాడికి ఇది ఎందుకు జరిగిందో తెలియదు. ఏఈ-1 మీటరు నడిమి భాగానికి ఎక్కువ విలువిస్తుంది. పైగా వెనక వెలుతురు ఉన్నప్పుడు నొక్కడానికి లెన్సు పక్కన ఒక మీట ఉంది, అది ఎక్స్‌పోజర్‌ని ఒకటిన్నర స్టాపు పెంచుతుంది. ఆ మీటను ఎప్పుడు నొక్కాలో తెలుసుకున్న పిల్లవాడు కూడా పాఠం నేర్చుకున్నట్టే కదా!

ఇక రోగాల విషయం. ఏఈ-1 ఆరు వోల్టుల సెల్లు మీద బతుకుతుంది. సెల్లు చచ్చిందంటే షట్టర్ పడదు. ఫిల్ము తిప్పే లివరూ కదలదు, ఎందుకంటే లోపల అంతకుముందే బిగించిన స్ప్రింగు విడుదల కాలేదు. కెమెరా పాడైందని కంగారుపడి సగం ధరకి అమ్ముకున్నవాళ్లున్నారు. పైనున్న చిన్న బటన్ నొక్కి చూస్తే సరిపోయేది: వ్యూఫైండర్లో ముల్లు 5.6 గీత దగ్గరకు గానీ కిందకు గానీ దిగితే సెల్లు బాగున్నట్టు. 4ఎల్‌ఆర్44 అనే ఆ సెల్లు అన్ని ఊళ్లలో దొరకదు. కానీ దాని పేరులోనే ఉంది గుట్టు, అది నాలుగు ఎల్‌ఆర్44 బిళ్లల దొంతరే. గడియారాల కొట్లో నాలుగు బిళ్లలు కొని, ఒకదాని మీద ఒకటి పేర్చి, కాగితం చుట్టి దూర్చినా నడుస్తుంది. సెల్లు గది తలుపు మాత్రం సుతిమెత్తగా తీయాలి, దాని ప్లాస్టిక్ కొక్కెం ఇట్టే విరుగుతుంది.

కె1000కి ఒక్క ఎల్‌ఆర్44 చాలు, అదీ మీటరుకే. పొదుపుగా నడుస్తుందని మెచ్చుకునే ముందు ఇంకో సంగతి చూడాలి. స్విచ్చు లేదు గనుక లెన్సుకి మూత పెట్టకుండా బీరువా మీద వదిలేస్తే, గదిలో వెలుతురున్నంతసేపూ సెల్లు కరుగుతూనే ఉంటుంది. సగం చచ్చిన సెల్లుతో మీటరు చూపే లెక్క మీద భరోసా ఉండదు, కెమెరా మాత్రం ఏమీ జరగనట్టే ఠక్కుమంటూ ఫోటోలు తీస్తుంది. పరీక్ష ఉంది గానీ అడిగితేనే జవాబిస్తుంది: ఏఎస్‌ఏ 100 మీద, షట్టర్ ‘బి’ మీద పెట్టి వెలుతురు వైపు చూపితే ముల్లు పైకి లేవాలి. కదలకపోతే సెల్లు మార్చాలి. ఏఈ-1 మొరాయించే ఎద్దు, మన పని ఆపేసి మరీ తన బాధ చెబుతుంది. కె1000 చెప్పదు.

ఏఈ-1కి పేరుమోసిన జబ్బు ఇంకొకటుంది. క్లిక్‌మనగానే లోపల తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఒక కీచుమోత. అద్దం కదలికను అదుపు చేసే చిన్న పళ్లచక్రాల్లో నూనె ఎండిపోవడమే కారణం. షట్టర్ పోయిందని చాలామంది అనుకుంటారు, నిజానికి పోలేదు. చేయి తిరిగిన మెకానిక్ సిరంజి సూదితో సరైన చోట ఒక్క బొట్టు వేస్తే మోత ఆగుతుంది. ఒక బొట్టుకి మూడు వేస్తే నూనె పారకూడని చోట్లకి పారి కొత్త రోగం తెస్తుంది. మోత ఉన్నా వాడుతూ పోతే అద్దం కదలిక మందగిస్తుంది గనుక వాయిదా వేయడం మంచిది కాదు. ఈ కీచుమోతకే ఏఈ-1 పరువు పోయింది. నా మటుకు నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ఎందుకంటే అసలు ముంచే జబ్బుకి చప్పుడుండదు. రెండు కెమెరాల్లోనూ షట్టర్ అంటే అడ్డంగా పరిగెత్తే రెండు గుడ్డ తెరలు. 1/1000 వేగంలో మొదటి తెర వెనకే రెండోది బయల్దేరి, మధ్యలో సన్నని సందు ఫిల్ము మీదుగా జారుతుంది. నూనె గట్టిపడి మొదటి తెర నెమ్మదిస్తే రెండోది దాన్ని అందుకుంటుంది, సందు మూసుకుపోతుంది, ఫోటోలో ఒక పక్క చీకటి. తెరలు మరీ కలుసుకోకుండా నెమ్మదిగా సాగితే ఇంకా ప్రమాదం. 1/1000 కాస్తా 1/500 అవుతుంది, కలర్ నెగటివ్ ఆ అదనపు వెలుతురుని సర్దేసుకుంటుంది, ప్రింటు బాగానే వస్తుంది. స్లైడ్ ఫిల్ము వేసిన రోజున గానీ బండారం బయటపడదు.

ఏఈ-1 అభిమానులు ఇక్కడ ఎలక్ట్రానిక్స్‌ని ముందుకు తెస్తారు. అది పూర్తిగా చెల్లదు. రెండో తెర ఎప్పుడు బయల్దేరాలో సర్క్యూటు నిర్ణయిస్తుంది, అంతే. బయల్దేరాక పరుగు స్ప్రింగుదీ నూనెదీ. కాబట్టి వేగం ఎక్కువైన చోట ఇద్దరూ ఒకే గూటి పక్షులు. తక్కువ వేగాల్లో తేడా కనిపిస్తుంది: కె1000లో ఒక సెకను, అర సెకను లెక్కపెట్టేది పళ్లచక్రాలే, అవి జిగటపడితే సెకను ఒకటిన్నర అవుతుంది. ఏఈ-1లో ఆ లెక్క సర్క్యూటుది గనుక అంతగా జారదు. చేతిలో ఫోనుంటే పరీక్ష తేలికే. ఫిల్ము లేకుండా వెనక తలుపు తెరిచి, సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లోమోషన్‌లో షట్టర్‌ని వీడియో తీస్తే, పావు సెకనుకి అరవై ఫ్రేములు తెరుచుకుని ఉండాలి. 1/1000 కోసం లెన్సు విప్పి ఆకాశం వైపు పెట్టి వెనక నుంచి చూడాలి, పూర్తి దీర్ఘచతురస్రం మెరవాలి.

మిగతా బాధలు ఇద్దరికీ సమానమే. వెనక తలుపు అంచుల్లోని నల్ల ఫోము జిగురై కారుతుంది, ఫోటోల మీద ఎర్రని చారలు పడతాయి. దాన్ని గీకేసి కొత్తది అతికించడం ఇంట్లో చేసుకోగల పనే. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో బీరువాలో మగ్గిన లెన్సుకి లోపల సాలెగూడులాంటి బూజు పడుతుంది. టార్చి వేసి చూడకుండా కొనకూడదు. ఇంకో చిన్న జాగ్రత్త: లివర్ తిప్పినప్పుడల్లా ఎడమ పక్కనున్న రీవైండ్ పిడి తిరుగుతోందా అని చూడాలి. తిరగకపోతే రీలు అంటుకోలేదు, ముప్పయ్యారు క్లిక్కులూ గాలికే.

మరమ్మతు దగ్గరికొస్తే నా మొగ్గు మారుతుంది. కె1000లో ఉన్నవి స్ప్రింగులు, చక్రాలు, తెరలు. ఓపికున్న మెకానిక్ విప్పి, కడిగి, నూనె వేసి, మళ్లీ వేగాలు సరిచూస్తే ఇంకో పదేళ్లకి ఢోకా లేదు. ఏఈ-1 సర్క్యూటు పోతే కొత్తది ఎవరూ చేయరు, ఇంకో చచ్చిన ఏఈ-1 కడుపు కోసి తీసుకోవాల్సిందే. అందుకని సర్వీసు చేయించిన కె1000 దొరికితే రెండో ఆలోచన వద్దంటాను. సర్వీసు జరగని కె1000, కీచుమోత లేని ఏఈ-1 పక్కపక్కన పెట్టి ఒకే ధర చెబితే ఏఈ-1 తీసుకుంటాను. ‘మెకానికల్ సార్, దీనికేమీ కాదు’ అని అమ్మేవాడంటే, చివరిసారి ఎప్పుడు విప్పి నూనె వేశారో అడగండి.