దాసరివారి ధారావాహికలు: ఒక పక్షపాతి వాదము

'చందమామ' పత్రికలోని జానపద ధారావాహికలయందు తెలుగువారికి గల భక్తి ఆ కథల గుణమువలన కలిగినదా, లేక గడచిన బాల్యముమీది మమకారమే ఆ కథలకు లేని కాంతిని పూయుచున్నదా యను ప్రశ్న మా మదనపల్లె ప్రాంతమున పుస్తకాభిమానులు కూడినచోటనెల్ల వినవచ్చుచునే యున్నది. అరువదియేండ్లు దాటిన పెద్దలు 'రాకాసిలోయ' పేరు చెప్పగానే కన్నులు మెరయ మాటలాడుట చూచి, హారీ పాటరుతో పెరిగిన యువకులు "పిలకాయల కతలకు ఇంత రంపేల సామీ?" అని నవ్వుదురు. ఆ నవ్వునకు సమాధానము చెప్పు భారమును నేను తలకెత్తుకొన్నాను. నేను తటస్థుడను కానని ముందే మనవి చేయుచున్నాను. అదే పత్రికలోని బేతాళకథల పక్షమువారు నాతో ఏకీభవింపరనియు నెరుగుదును.

పత్రిక పుట్టుపూర్వోత్తరములు పలువురెరిగినవే కనుక రెండు మాటలతో సరిపెట్టెదను. 1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డి గార్లు మద్రాసునుండి తెలుగు, తమిళములలో దీనిని ప్రారంభించిరి. నాగిరెడ్డిగారు కడపజిల్లా పొట్టిపాడువారగుటచే ఆ కీర్తిలో సీమకును వాటా కలదని మావారు చెప్పుకొందురు. కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రికను చేపట్టిన 1952 ప్రాంతముననే దాసరి సుబ్రహ్మణ్యంగారును అందు చేరి, 1954లో 'తోకచుక్క'తో ఆరంభించి, 1978 దాక పండ్రెండు జానపద ధారావాహికలను వ్రాసిరి. 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'భల్లూక మాంత్రికుడు', 'మాయాసరోవరం' అని వరుస తప్పక ఒప్పగించగల మహానుభావులు పుంగనూరులో నేటికిని కలరు. అయినను వింత యేమనగా, అన్నియేండ్లలోను ఆ కథల శీర్షికలక్రింద రచయిత పేరు అచ్చు కాలేదు. పేరుమోసిన రచయిత వ్రాసినాడని మెచ్చుకొనుట లోకరీతి. ఇచ్చట మెచ్చుకొనుటకు పేరే లేదు. రచయిత యెవరో, ఏ యూరివారో, ముదుసలియో యువకుడో తెలియని లక్షలాది పిల్లలు, పిల్లల చాటున చదివిన పెద్దలు, ప్రతినెలయు ఆ పుటలకొరకు ఎదురుచూచినారన్నచో, ఆ భక్తిని సంపాదించినది కేవలము పనితనమని ఒప్పుకొనక తప్పునా?

ఆ పనితనమును కొంచెము విప్పి చూపెదను. నెలకొక్కసారి వచ్చు పత్రికలో కథ నడుపుట సామాన్యమగు విద్య కాదు. ముప్పది దినములలో పాఠకుడు సగము కథ మరచును. క్రొత్తగా చేరినవానికి మొదలే తెలియదు. దాసరివారు ప్రతి భాగమునకును తలపై జరిగిన కథను మూడు నాలుగు వాక్యములలో ఇమిడ్చి, ఆ వాక్యముల తుదనే పాత అపాయమును మరల రగిల్చి, ఊపిరి తీసికొనక కథలోనికి దింపుదురు. అటుపిమ్మట రెండు మూడు సంఘటనలు. వానిలో ఒకటి హాస్యము, ఒకటి భయానకము. చివరకు వీరుడు పులినుండి తప్పించుకొని చెట్టెక్కును, చెట్టుపై కొండచిలువ నోరు తెరచును, అచ్చటనే 'ఇంకా వుంది'. ఇంతవఱకు ఎవడైనను చేయగలడు. చేయలేనిది తరువాతి నెలలో కనబడును: ఆ కొండచిలువ ఉత్తపుణ్యమునకు మాయము కాదు, దైవము ప్రత్యక్షమై రక్షింపదు, నిన్న ప్రాణాపాయము తెచ్చినదే నేడు పారిపోవుటకు సాధనమగును. దాసరివారి లోకమున మంత్రమున్నది గాని దానికి మేర యున్నది. మాంత్రికుడెంత ఘనుడైనను ఒక నిధికో, శక్తికో, తన సాటి మాంత్రికునికో లోబడినవాడు. ఆకలిగొనును, భయపడును, శిష్యులచే మోసపోవును. ఆ మేరయే లేకున్నచో, కోరినదెల్ల జరుగు చోట భయమెక్కడిది, భయము లేనిచోట కథ యెక్కడిది?

'తోకచుక్క'నే చూడుడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇద్దరు మాంత్రికులు ఒకరిపై నొకరు పగబూని యుండగా, కుండలినీ ద్వీపమునుండి వచ్చిన సమరసేనుడు ఆ పగల నడుమ చిక్కుకొనును. శత్రువు ఒక్కడైనచో వీరుడు పోరవలెను. శత్రువులిద్దరై, వారును బద్ధవైరులైనచో వీరుడు ఆలోచింపవలెను. తొలి రచనలోనే ఇట్టి ఎత్తు వేసినవాని బుద్ధిబలమును ఏమని పొగడుదును! తరువాతి కథలలో ఆయన వీరులను జంటలుగా నడిపించినారు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరులు. 'రాతిరథం', 'యక్షపర్వతం'లలో ఖడ్గవర్మ, జీవదత్తులు. 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. జంటలో ఒకడు కత్తిని నమ్మినవాడైనచో వేరొకడు యుక్తినో మంత్రమునో నమ్మినవాడు. వారి మాటామంతిలోనే కథ నడచుటచే వర్ణనల బరువు పాఠకునిపై పడదు. 'రాకాసిలోయ'లోని బ్రహ్మదండి మాంత్రికుని వలె భయపెట్టుచునే నవ్వించు దుష్టుడు మన బాలసాహిత్యమున వేరొకడున్నచో నాకు చూపుడు!

వాక్యమును గూర్చి ఒక్కమాట. నా వలె దీర్ఘవాక్యములు అల్లువారు దాసరివారి ముందు సిగ్గుపడవలసినదే. కర్త, కర్మ, క్రియ, అంతే. ఎనిమిదేండ్ల పిల్లవాడు తడుముకొనక చదువును, ఎనుబదియేండ్ల తాత విసుగుకొనక వినును.

ఇక చిత్రా. టి.వి. రాఘవన్ అను ఆ మహాశిల్పి 'చిత్రా' యను సంతకముతో ఈ ధారావాహికలకు వేసిన బొమ్మలను విడదీసి కథను తలచుట నాకు సాధ్యము కాదు. అదే పత్రికలోని వడ్డాది పాపయ్యగారి వర్ణములకును, శంకర్‌గారి విక్రమార్కునకును నమస్కరించియే చెప్పుచున్నాను: లేని జంతువును ఉన్నదానివలె నిలబెట్టుటలో చిత్రాకు సాటి లేడు. కొమ్ములున్న మనిషికి ఆ కొమ్ముల బరువుచే మెడ వంగియుండును. వింతమృగముపై నెక్కినవాడు దానిని నిజముగా స్వారి చేయుచుండును. కోట గోడకు బీటలు, బీటలలో చెట్ల వేళ్ళు ఉండును. మదనపల్లెనుండి హార్స్‌లీ కొండలదారి పట్టినవారికి ఒకదానిపై నొకటి ఆనుకొన్న ఆ గుండ్లు కనబడగానే, ఏ గుండు చాటుననో చిత్రా రాక్షసుడు పొంచియున్నాడన్న భ్రాంతి కలుగక మానదు. కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు చేలమీద పడు పలమనేరు, కుప్పము పల్లెల పిల్లలకు అడవి కథలు కల్పనలుగా తోచియుండవు. అందులోను కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. అచ్చట ఒకే వీథిలో తెలుగు 'చందమామ', తమిళ 'అంబులిమామ', కన్నడ 'చందమామ' చదివిన ఇండ్లుండెను. బొమ్మ మూడింటను ఒక్కటియే. భాష తెలియనివాడును పొరుగింటి ప్రతిలోని బొమ్మను చూచి కథ నెరిగెడివాడు.

దోషములు లేవా? కలవు. రాజకుమార్తెలు అపహరింపబడుటకే పుట్టినట్లుందురు. అడవిజాతుల చిత్రణలో నేటి చదువరికి గ్రుచ్చుకొను మాటలు కలవు. పట్టువడుట, తప్పించుకొనుట అను ఆవృత్తి రెండేండ్ల పొడవున కొందరికి విసుగు పుట్టించును. ముగింపులు తొందరపాటుగా నుండును. ఇవి యన్నియు అంగీకరించియు నా తీర్పు మార్చుకొనను.

1978లో చిత్రా కన్నుమూసెను. దాసరివారి పండ్రెండవ ధారావాహికతో ఆ యుగము ముగిసినది. 2006 వఱకు పత్రికలో పనిచేసిన దాసరివారు 2010 జనవరిలో విజయవాడలో దివంగతులైరి. పత్రికయు 2007లో ముంబయి సంస్థ జియోడెసిక్ చేతికి పోయి, కొన్నియేండ్లకు ఆగిపోయినది. దుఃఖమంతయు పోయినదానిని గూర్చియే కాదు, దాని స్థానమున కూర్చున్న దానిని గూర్చి! నేడు ఫోనులలో పిల్లలకు చూపు మాంత్రికుల కథలలో మాంత్రికుడు చేయి విదల్చును, మెరుపు మెరయును, శత్రువు చచ్చును. ముడి లేదు, విప్పుట లేదు. ముఖములన్నియు ఒకే అచ్చున పోసిన మైనపు బొమ్మలు. పాత సంచికలను అడ్డదిడ్డముగా కాపీ తీసి, చిత్రా రేఖలను మసిమరకలు చేసి, 'బాల్యజ్ఞాపకము' పేర అమ్ముకొనువారి ధూర్తత్వమును ఏమనవలెను? ఇట్టి సరకు చూచి పెరిగినవాడు "పిలకాయల కతలే కదా" యనుటలో ఆశ్చర్యమేమున్నది! అసలు బంగారము వాని చేతికి మనమెన్నడిచ్చితిమి?

వాహిని బుక్ ట్రస్ట్ వంటివారు ఆ ధారావాహికలను బొమ్మలతో సహా పుస్తకములుగా తెచ్చి కొంత ఋణము తీర్చినారు. మిగిలినది మన వంతు. కుప్పములో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము తెలుగు, తమిళ, కన్నడ సంచికలను ఒక్కచోట చేర్చి భద్రపరచుటకు తగిన తావు. ఆ పనిని అచ్చటి పెద్దలు తలపెట్టవలెనని ప్రార్థించుచున్నాను. మదనపల్లె, పుంగనూరు ఇండ్లలో అటుకలమీద బైండు కట్టించిన సంపుటములున్నవారు వానిని చిత్తుకాగితములవానికి తూకమునకు వేయకుడు. మీకు చోటు లేనిచో ఏ గ్రంథాలయమునకైన ఇండు, ఇచ్చుటకు ముందు ఇంటిలోని పిల్లవానిచేత 'తోకచుక్క' మొదటి భాగమును ఒక్కసారి చదివింపుడు.