జాన్ మ్యూర్ స్వీయచరిత్రలో నాగలి, నేల

అమెరికా పచ్చికబయళ్లను సాగులోనికి తెచ్చిన వలస కుటుంబముల చరిత్రలు పెక్కు గలవు. మొదటి చలికాలము, మొదటి పంట, తండ్రి ధైర్యము, తల్లి ఓర్పు, ఇట్లు సాగి అవి చాలవరకు విజయగాథలుగా ముగియును. జాన్ మ్యూర్ 1913లో ప్రకటించిన ‘ది స్టోరీ ఆఫ్ మై బాయ్‌హుడ్ అండ్ యూత్’ను ప్రకృతి ప్రేమికుని బాల్యానందముగా చదువుట పరిపాటి. ఈ పఠనము అసమగ్రమని మా అభిప్రాయము. పక్షులను వర్ణించిన నాలుగవ ప్రకరణము మనోహరమే. కాని గ్రంథమునకు బలము నాగలిని గూర్చిన ఆరవ ప్రకరణమున నున్నది.

స్కాట్లండులోని డన్‌బారు నుండి డేనియల్ మ్యూర్ 1849లో సంతానములో ముగ్గురిని వెంటబెట్టుకొని విస్కాన్సిన్ చేరెను. ఇల్లు లేచిన పిదప భార్యయు తక్కిన పిల్లలును వచ్చిరి. అప్పటికి జాన్‌కు 11 ఏండ్లు. 160 ఎకరములను ఉచితముగా నొసగు చట్టము 1862లో గాని రాలేదు. వీరిది కొన్న భూమి. అది గడ్డి నడుమ అక్కడక్కడ ఓక్ చెట్లున్న నేల. గడ్డికి తరచు మంటలంటుకొనుటచే చెట్లు దట్టము కాలేదనియు, సేద్యము వచ్చి మంటలాగగానే అడవి లేచినదనియు మ్యూర్ గమనించెను.

ఆరవ ప్రకరణమున మొదట పంట లెక్క వచ్చును. క్రొత్తగా దున్నిననాడు ఎకరమునకు 20, 25 బుషెళ్ల గోధుమ పండినది; నాలుగైదేండ్లలో అది 5, 6 బుషెళ్లకు పడిపోయెను. క్లోవరు అను పశుగ్రాసపు మొక్కను పెంచి కలియదున్నిన పిదపగాని నేల కోలుకొనలేదు. రైతు పద్దు వ్రాసినట్లు ఇది వ్రాసి మ్యూర్ ముందునకు సాగిపోవును.

తరువాత ఆదివాసుల హక్కును గూర్చి తండ్రికిని, జార్జి మెయిర్ అను స్కాచి పొరుగువానికిని జరిగిన వాదము కలదు. వేటాడుచు తిరుగువారి చేతిలో ఇంత సారవంతమైన నేల ఉండవలెననుట దైవసంకల్పము కాజాలదనియు, సేద్యగాండ్రు దానిపై ఎన్నోరెట్ల జనమును పోషింపగలరనియు తండ్రి వాదము. మనకంటె నేర్పరులైన వ్యవసాయవేత్తలు వచ్చి ఇదే న్యాయముతో మనలను వెడలగొట్టిన ఒప్పుకొందుమా యని మెయిర్ ప్రశ్న. మెయిర్ పక్షమే బలమైనదని బాలుడు తలచెనట. ఆ సంభాషణ మాట మాటకు నిజమనలేము. 1908లో, డెబ్బదియేండ్ల ప్రాయమున, చెప్పి వ్రాయించిన వృత్తాంతము ఈ గ్రంథమునకు మూలము.

ఈ రెంటిని మ్యూర్ ముడిపెట్టలేదు. మనము ముడిపెట్టి చదువవలెను. ఎక్కువ పండించువానిదే నేల యన్న డేనియల్ మ్యూర్ పొలమే అయిదేండ్లకు నాలుగవవంతు పంటకు దిగజారెను. తండ్రి తర్కమును తండ్రి పంటయే ఖండించినది. ఆ తర్కమువలన నష్టపడినవారును ఊహామాత్రులు కారు. విన్నెబాగోలు, నేటి పేరున హో-చంకులు, 1837 నాటి ఒప్పందముతో మిసిసిపీకి తూర్పుననున్న తమ భూములన్నింటిని కోల్పోయియుండిరి.

ఇక దున్నినదెవరు? పండ్రెండవ యేట నాగలి పట్టినపుడు జాన్ తల మేడికి కొంచెమే పైకి వచ్చెడిది. ఎనిమిదేండ్లకు పొలము చక్కబడినదనగా, తండ్రి నాలుగైదు మైళ్ల దూరమున మరి 320 ఎకరముల బీడు కొనెను. అక్కడ నీటికై 90 అడుగుల బావి త్రవ్వవలసివచ్చెను. పై 10 అడుగులు తప్ప తక్కినదంతయు ఇసుకరాయి. మందుపెట్టి పేల్చుట చేతకాక, తండ్రి కుమారునికి సుత్తియు ఉలియు ఇచ్చి దింపెను. మూడడుగుల వెడల్పులో ముడుచుకొని కూర్చుండి నెలల తరబడి చెక్కగా, 80 అడుగుల లోతున విషవాయువు క్రమ్మి ప్రాణము పోవునంత పనియయ్యెను. నీరు చల్లి గాలిని కదిలించు ఉపాయమును పొరుగువాడొకడు నేర్పిన పిదప, ఒకటి రెండు దినములలోనే మరల దిగెను. తండ్రి ఆ బావిలో ఒక గంటయైన గడపలేదని మ్యూర్ వ్రాసెను. అచ్చట అంతకుమించి ఒక్క నిందావాక్యము లేదు. ఈ నిగ్రహమునకు సాటివచ్చు పుటలు ఇట్టి చరిత్రలలో అరుదు.

అయినను ఈ గ్రంథమును మేము నిర్దోషమనజాలము. మెయిర్‌ను మెచ్చిన ఈ రచయితయే 1911లో వెలువరించిన సియెరా గ్రంథమున అచ్చటి ఆదివాసులను మురికివారని ఏవగించుకొనెను. తల్లియు అక్కచెల్లెండ్రును అరుదుగా కనబడుదురు. బావికి రెండు బొక్కెనలు కట్టితిననియు, ఇంటివారందరు చాలకాలము ఆ నీరు త్రాగిరనియు చెప్పిన మ్యూర్, తోడినవారెవరో చెప్పలేదు.