కొలిచి రాసిన గుహ

దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయంలో నిలిచే శారదా నది, బొర్రా గుహల్లోంచి పారే గోస్తనీ నది అనంతగిరి కొండల బిడ్డలే. ఒకటి రైవాడ నుంచి, ఇంకొకటి తాటిపూడి నుంచి విశాఖ నగరానికి తాగునీరిస్తున్నాయి. శని, ఆదివారాలు కలిసొస్తే ఇక్కడి యువకులు జట్టుగా బయల్దేరి గోస్తనీ ఎగువన బొర్రా, దిగువన భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసి రావచ్చు. అయితే చూసినదాన్ని కొలిచి, గీసి, రాసిపెట్టినప్పుడే ఆ రెండు రోజులకు విలువ. గుహాన్వేషణ ఒక విద్యగా ఎదిగింది ఈ అలవాటు వల్లే.

కర్నూలు సీమలోని బేలుం గుహల కథే ఇందుకు సాక్ష్యం. 1884లోనే భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. ఊరివాళ్ళకూ అవి తెలుసు. అయినా వాటి నిడివి లోకానికి తెలిసింది 1982, 83లలో డేనియల్ గెబౌవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల పటం గీశాకే. 3,229 మీటర్ల పొడవు లెక్కకొచ్చింది. 1988లో ప్రభుత్వ రక్షణ దొరికింది, 2002లో సందర్శకులకు దారి తెరుచుకుంది. పటం గీసే పద్ధతికి నలుగురు చాలు. ఒకరు టేపు కొస పట్టుకుని, వెనకవారికి కనిపించే చివరి మలుపు దాకా వెళ్ళి ఆగుతారు. వెనకున్నవారు దూరం, దిక్సూచిలో దిశ, నేల వాలు చదువుతారు. మూడోవారు అంకెలు రాస్తారు. నాలుగోవారు గోడల వంపులు, కప్పు ఎత్తు, నీరు కారే చోట్లు గీస్తారు. అదే కొలతను అవతలి కొస నుంచి మళ్ళీ చదివితే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. ఇది నేర్చుకోవడానికి గుహే అక్కర్లేదు, వేసవిలో ఎండిన గెడ్డ ఒడ్డు చాలు.

శిలాజాల విషయంలో ఈ క్రమశిక్షణ మరీ ముఖ్యం. బొర్రా రాతిలో వాటిని వెతకడం వృథా. అక్కడి సున్నపురాయి భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ పూర్తిగా రూపు మారిపోయింది, పాత జీవుల ఆనవాళ్ళు మిగిలే అవకాశం లేదు. గుహ మట్టిలో మిగిలిన పాత ఎముకల కథ తెలుసుకోవాలంటే బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల దాకా పోవాలి. 1880ల్లో ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడి మట్టిని పొరపొరగా తవ్వించి, ఏ ఎముక ఏ లోతులో దొరికిందో రాసుకున్నారు. వాటిలో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి. ఒకప్పుడు కర్నూలు సీమలో ఆ జంతువు తిరిగిందని చెప్పగలుగుతున్నామంటే కారణం ఆ రాతలే. ఏ పొరలోదో తెలియకుండా జేబులో వేసుకొచ్చిన ఎముక శాస్త్రానికి ఏమీ చెప్పదు, పైగా దాని చోటును శాశ్వతంగా చెరిపేస్తుంది.

జనం గుంపులుగా వెళ్తేనే గుహలు పాడవుతాయి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. చేతి జిడ్డు అంటితే పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు పెరగడం ఆగిపోవచ్చు. విద్యుద్దీపాల వెలుగుకు రాతి మీద నాచు పడుతుంది. కానీ తాకకుండా, సందర్శకుల దారి దాటకుండా ఒకేచోట నిలబడి నిమిషానికి ఎన్ని నీటి చుక్కలు రాలుతున్నాయో వేసవిలో, వానల తర్వాత లెక్కపెట్టే జట్టు గుహకు హాని చెయ్యదు, కాపలా కాస్తుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అంతే. ఇనుప తుప్పు పట్టి ఎర్రబడిన ఆ ఇసుకను వాన నీరు చిన్న చిన్న లోయలుగా కోస్తోంది. గండికోటలో పెన్నా గట్టిరాతిని కోయడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇక్కడి మార్పు మనిషి జీవితకాలంలోనే కనిపిస్తుంది. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గుర్తింపు ఒక్కటే వాటిని కాపాడదు. ఒకే చోటు నుంచి ఏటేటా తీసిన ఫోటోలుంటే ఏ అంచు వానకు కరిగిందో, ఏది మనుషులు తవ్వేశారో తేలుతుంది.

ప్రమాదం మాటేమిటని పెద్దలు అడుగుతారు. అడగాలి కూడా. అభివృద్ధి చెయ్యని గుహలోకి అనుభవం లేనివాళ్ళు ఒంటరిగా దిగకూడదు, వానాకాలంలో అసలే దిగకూడదు. మనిషికి మూడు దీపాలు, తలకు హెల్మెట్ ఉండాలి, తిరిగొచ్చే వేళ బయట ఒకరికి చెప్పిపెట్టాలి. ఇదంతా శాస్త్రవేత్తల పని కదా అంటే, వాళ్ళు ప్రతి గెడ్డకూ ప్రతి ఏడాదీ రాలేరు. అందుకే దేవరాపల్లి, చోడవరం కళాశాలల అధ్యాపకులు ఈ వేసవిలోనే ఒక జట్టును కట్టి, ఒక టేపు, ఒక దిక్సూచి, ఒక నోటుపుస్తకం చేతికివ్వాలి.