ఒంటిగంట దాటాక మిట్టమధ్యాహ్నం

అన్నవరం రత్నగిరి మీద, సత్యనారాయణ స్వామి గుడి ఆవరణలో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారి నీడ గడియారం ఉంది. వ్రతం ముగించుకొని ప్రసాదం పొట్లంతో వచ్చినవాళ్లు నీడ చూస్తారు, వెంటనే సెల్‌ఫోన్ చూస్తారు. రెండూ ఇంచుమించు కలిస్తే మెచ్చుకుంటారు. ఆ మెప్పులో కొంత ఊరు ఉన్న చోటుకు కూడా దక్కాలి. మన గడియారాలన్నిటికీ ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం అక్కడికి సుమారు పది కిలోమీటర్ల దూరంలోనే పోతుంది.

ఆ పలకనే పెకలించి సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో నాటితే నవ్వులపాలే. ఈ ఊరు 103.8 డిగ్రీల దగ్గర ఉంటే, 1982 జనవరి 1 నుంచి గడియారం మాత్రం 120 డిగ్రీల లెక్కన నడుస్తోంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సగటున ఒంటిగంటా ఐదు నిమిషాలవుతుంది. నీడనిచ్చే అంచు అన్నవరంలో 17 డిగ్రీలు వాలితే, ఇక్కడ ఒకటిన్నర డిగ్రీ చాలు, పడుకున్నట్టే ఉంటుంది.

అయినా వుడ్‌ల్యాండ్స్‌కు మధ్యాహ్నపు గుర్తు ఉంది. 1980 నాటి అన్-నూర్ మసీదులోనూ, 2017లో తెరిచిన యూసుఫ్ ఇషాక్ మసీదులోనూ పాటించే నమాజు వేళల పట్టికే అది. పొద్దు నడినెత్తి నుంచి వాలాకే మధ్యాహ్నపు నమాజు జుహర్ వేళ మొదలవుతుంది. అందుకే ఫిబ్రవరిలో అది ఒంటిగంటా ఇరవై దాకా జరిగి, నవంబరు మొదట్లో పన్నెండూ యాభై దగ్గరికి వచ్చేస్తుంది. భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం, ఇరుసు వాలి ఉండడం వల్ల వచ్చే తేడా ఇది. అన్నవరం నీడ కూడా ఫిబ్రవరిలో 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబరులో 16 నిమిషాలు ముందుంటుంది. ఆ రోజుల్లో వచ్చిన భక్తుడు రాయినే అనుమానిస్తాడు, ఫోనును కాదు!

చర్చిలకూ ఈ పట్టింపు ఉండేది. ఇటలీలోని బొలోనాలో, సాన్ పెట్రోనియో చర్చిలో 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీనీ నేల మీద పరిచిన గీతను, కప్పులోని కన్నం గుండా దిగిన ఎండ మధ్యాహ్నం వేళ దాటుతుంది.

సూర్యుడి మాట చెల్లుబాటయ్యేది ఎక్కడ అంటే నా ఓటు మసీదు పట్టికకే. రత్నగిరిలో సూర్యుడు ఫోను ముందు పరీక్షకు నిలబడతాడు. ఇక్కడ అంకెలే అతని వెంట నడుస్తాయి. కానీ ఎందుకు నడుస్తున్నాయో పట్టిక చెప్పదు. రాయి దగ్గరైతే చంటిపిల్లలకు కూడా నీడ కదలడం కనబడుతుంది. వుడ్‌ల్యాండ్స్‌లో పొద్దు నడినెత్తికి రావడం చూపించాలంటే మార్చి 24 ప్రాంతంలో ఎండ కాసిన రోజు, ఒంటిగంటా పదికి, పిల్లల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్లి నీళ్ల సీసా నిలబెట్టమనాలి. దానికి నీడ ఉండదు.