రెండు గీతల నడుమ

నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టకముందు సర్వే ఆఫ్ ఇండియా వేసిన పటాలు, మైలుకు అంగుళం కొలతవి, కొన్నేళ్లుగా పోగేస్తున్నాను. మాచర్ల, గురజాల 56 పి షీట్ల కిందికి వస్తాయి. నరసరావుపేట మాత్రం 80వ రేఖాంశం దాటి 65 డిలో పడుతుంది. 2022లో పల్నాడుకు జిల్లా కేంద్రమైన ఊరు, పటాల లెక్కలో పొరుగు షీటుది.

చదవడం రంగులతో మొదలుపెట్టాలి. సాగునేల పసుపు, నిలిచే నీరు నీలం, ఎత్తుపల్లాలు గోధుమ గీతలు. ఎండిపోయే వాగులకు నలుపు. మా ఊరి చుట్టూ ఆ నలుపే ఎక్కువ. జొన్న కూడు తిని వానకోసం మబ్బు చూసిన తరమంతా నాకు అందులోనే కనబడుతుంది. నాగార్జునకొండ లోయ అప్పటికింకా నేలే. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగాక, కొత్త షీట్లలో అది నీలమైంది.

అమెరికాలో అయోవా వైపు పాత పటాలూ చూశాను. 1785 చట్టంతో నేలను 640 ఎకరాల గళ్లుగా కోశారు, బాటలూ ఆ గళ్ల అంచునే పోతాయి. మన డొంకలు గట్టును చుట్టి, వాగు దాటే వీలున్న చోట దిగి, మళ్లీ ఊరివైపు ఎక్కుతాయి. నడిచిన కాళ్లు వేసిన దారులవి. నాకు ఇవే ఇష్టం.

పదేళ్ల కిందట పెదనాన్న ముందు మా ఊరి షీటు పరిచాను. ఆయన అక్షరాల జోలికి పోలేదు. వాగు మీద వేలు పెట్టి ఎగువకు నడిపించాడు.

"ఇక్కడేరా ఎడ్లకు నీళ్లు పెట్టేది. మన చేలేవి?"

చూపించాను. ఆయనదీ మాదీ రెండు గోధుమ గీతల సందులోనే ఉన్నాయి. గీతకూ గీతకూ ఎత్తులో తేడా 50 అడుగులు.

1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లొదిలారు. నీరు పల్లానికే పోతుంది గనక కాలువను అలాంటి గీత వెంటే, కొద్దికొద్దిగా వాలుస్తూ తవ్వుతారు. దిగువన ఉన్నది ఆయకట్టు, ఎగువన ఉన్నది మెరక. దాని పెద్ద పిల్లకాలువ, మేజరు, మా ఊరిదాకా వచ్చేసరికి పెదనాన్న చేను దాని కిందపడింది, మాది పైన ఉండిపోయింది. రెంటికీ తేడా మనిషి నిలువెత్తు లేదు. ఆ కాస్త తేడా ఈ షీటులో పట్టదు.

పంపకాలు అంతకుముందే అయ్యాయి. అన్నదమ్ములు చీట్లేసుకున్నారు.

పెదనాన్న ఆ సందులో వేలు అలాగే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు.

"పల్లపు చేను మీ నాయనకి ఇవ్వాల్సిందిరా," అన్నాడు.