తడి పిండి, ఉండపాకం

సంక్రాంతి ముందు జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో అరిసెల పొయ్యి వెలిగించేవారికి రెండు తేడాలు ఎదురవుతాయి. బజారులో దొరికే బెల్లం అనకాపల్లిది కాదు, చలి ఉత్తరాంధ్ర చలి కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. వాళ్లతో వచ్చిన అరిసె ఇక్కడి సరుకుతోనూ కుదిరిందంటే, దాని కొలతలు గ్లాసుల్లో కాక చేతిలో ఉండటం వల్లే.

ఆ చేతి కొలతల్లో మొదటిది తడి. బియ్యం ఒక రోజైనా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వార్చి గుడ్డమీద ఆరబెట్టాక పైతడి పోవాలి గాని గింజ ఎండకూడదు. దంచి జల్లించిన పిండిని పిడికిట పడితే ముద్దగా నిలవాలి. ఇక్కడ సుబర్ణరేఖ నది ఒడ్డున జనవరి చలికి ఆరడం ఆలస్యమవుతుంది. గడియారం చూసి మిక్సీలో వేస్తే పిండి జావలా జారుతుంది. ప్యాకెట్లో అమ్మే పొడి పిండి సంగతి ఎత్తకపోవడమే మేలు.

రెండోది పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అన్నది ఒక అంచనా మాత్రమే. ఉడుకుతున్న పాకాన్ని పళ్లెంలోని నీళ్లలో చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కట్టాలి. థర్మామీటరు లెక్కలో అది సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్. ఉండ పళ్లేనికి తగిలి ఠంగుమంటే ముదిరిపోయింది, అరిసె రాయవుతుంది. ఉండ కట్టకముందే దించితే నూనెలో విచ్చిపోతుంది. విచ్చిపోయేదానికి గుప్పెడు తడి పిండి కలిపితే సరి. ముదిరినదానికి వేడిపాలు చిలకరించి మర్దించాలి, అయినా పూర్తిగా దారికి రాదు. చలికి పాకం త్వరగా బిగుస్తుంది కాబట్టి ఇక్కడ ఓ పిసరు లేతగా దించి, పిండి కలిపి, గిన్నెమీద మూత పెట్టి, చలిమిడి వెచ్చగా ఉండగానే తట్టుకోవడం మంచిది.

చలికాలం ఇక్కడ ఖర్జూర బెల్లం వస్తుంది. బెంగాలీలు పిఠాలనే పిండివంటలకు వాడేది అదే. దాని పొగవాసన అరిసెకు భలే నప్పుతుంది, నువ్వులు అద్దితే మరీను. కాకపోతే ఒక్కో అచ్చులో తడి ఒక్కోలా ఉంటుంది, అందుకే నీళ్ల పరీక్ష పదేపదే చేయాలి.

ఇందులో మనదే గొప్ప అనడానికి లేదు. జార్ఖండ్ పల్లెల్లో పెళ్లికీ పండక్కీ వండే అర్సా రొట్టె, ఒడియావారి అరిసా పిఠా కూడా తడి బియ్యప్పిండి, బెల్లం పాకమే. మన సంక్రాంతి రోజుల్లోనే ఇక్కడ టుసు పరబ్ పండగ. పొరుగింటి అర్సా ఎంత మెత్తగా ఉందో చూసి వాళ్ల పాకం గుట్టు అడగడం, వంటపుస్తకం తిరగేయడం కన్నా లాభం.

కొత్త బెల్లం కొన్న ఏడాది మాత్రం ముందు అరకిలో బియ్యానికే వండి చూడండి.